ముల్లు ఇరిగితే, నాలుక మడతపడితే: మహారాష్ట్ర సరిహద్దు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సిరొంచ, రాజురా, కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే కుటుంబాల కోసం ఈ పేజీ. ముళ్ళనూ నోరు తిరగని మాటలనూ ఒకచోట చేర్చడానికి కారణం ఉంది. ముల్లు తీసేది చెయ్యే, కానీ తీసేదాకా పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టేది మాట. రెండూ తెలిసినవాళ్ళు ఇంట్లో ఒక్కరున్నా చాలా ఏడుపులు తగ్గుతాయి.

ముల్లు దిగగానే మొదట ఏం చేయాలి?

ఆగిపోవాలి. ఇంకొక్క అడుగు వేసినా ముల్లు లోతుకు పోతుంది, లేదా మొన లోపల విరుగుతుంది. ఉన్నచోటే కూర్చుని, కాలు మోకాలి మీదికి తెచ్చుకుని వెలుతురులో చూడండి. ముల్లు ఎంత బయటికి ఉంది? ఏ వాలున దిగింది? నిటారుగానా, ఏటవాలుగానా? ఈ చూపుకు పది సెకన్లు పడుతుంది, మిగతా పని అంతా దీని మీదే ఆధారపడుతుంది. బయట పావు అంగుళం కనిపిస్తుంటే, పట్టు జారకుండా దొరికితే, అక్కడే దిగిన వాలులోనే లాగేయండి. చర్మంతో సమానంగా ఉంటే చేలో గోళ్ళతో గిల్లకండి. గిల్లితే చివర నలిగిపోయి, ఇంటికెళ్ళాక పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

తుమ్మముల్లు చెప్పును కూడా చీల్చుకుని కాలిలో దిగింది. చెప్పు ఎలా ఊడదీయాలి?

పలచని హవాయి చెప్పుకు ఇది తరచూ జరుగుతుంది. చెప్పును పక్కకు తిప్పి లాగడమే అందరూ చేసే తప్పు. ముల్లు చెప్పుకు బిగిసి ఉంటుంది కాబట్టి, చెప్పు తిరిగితే ముల్లు కాలిలోనే పుటుక్కున విరుగుతుంది. ఒకరు చీలమండ గట్టిగా పట్టుకోవాలి. ఇంకొకరు చెప్పును రెండు చేతులతో ముందూ వెనకా పట్టుకుని, ముల్లు దిగిన దిక్కులోనే, అరికాలికి దూరంగా, ఒకే ఊపులో లాగాలి. తర్వాత చెప్పులో ఉన్న ముల్లును చూడండి. మొన ఉందా? మొన లేకపోతే అది మీ కాలిలో ఉన్నట్టే. రబ్బరు, స్పాంజి ముక్కలు కూడా ముల్లుతో పాటు గాయంలోకి పోతాయి. అందుకే చెప్పులోంచి దిగిన ముల్లు వట్టికాలికి దిగినదానికంటే ఎక్కువగా చీము పడుతుంది. ఆ పుండును మూడు నాలుగు రోజులు కనిపెట్టి చూడండి.

ఇంట్లో తీసే సరైన పద్ధతి చెప్పండి.

కావలసినవి: సన్నమొన చిమటా ఒకటి, కుట్టుసూది ఒకటి, సబ్బు, శుభ్రమైన నీళ్ళు, పోవిడోన్ అయోడిన్ మందు, దూది, పట్టీ, మంచి వెలుతురు. పగలైతే గడప దగ్గర కూర్చోండి. రాత్రయితే సెల్‌ఫోన్ లైటును నేరుగా కాకుండా పక్కనుంచి వేయండి. అలా వేస్తే ముల్లు నీడ పడి, ఎక్కడుందో తెలుస్తుంది.

చిమటా, సూది 10 నిమిషాలు నీళ్ళలో మరిగించండి. అంత సమయం లేకపోతే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. దీపం మంట మీద కాల్చితే మసి పడుతుంది, ఆ మసి గాయంలోకి వెళుతుంది. కాల్చక తప్పకపోతే చల్లారాక స్పిరిట్ దూదితో మసి తుడవండి. మీ చేతులు, ముల్లు చుట్టూ చర్మం సబ్బుతో కడగండి. కడగడమంటే కాలిని బకెట్‌లో గంటసేపు నానబెట్టడం కాదు. ముల్లు కూడా కట్టెలాంటిదే, నానితే ఉబ్బి మెత్తబడుతుంది, లాగినప్పుడు తెగిపోతుంది.

కొన బయటికి ఉంటే చర్మానికి వీలైనంత దగ్గరగా చిమటాతో పట్టి, ఎలా దిగిందో అలాగే వెనక్కి లాగండి. ఏటవాలుగా దిగిన ముల్లును నిటారుగా లాగితే విరుగుతుంది. పైచర్మం కిందే నల్లటి గీతలా కనిపిస్తుంటే సూదిని చర్మానికి దాదాపు సమాంతరంగా పెట్టి, ముల్లు మీదున్న పలచని పొరను గీతపొడుగునా చీల్చండి. రక్తం రాకూడదు, వస్తే మీరు లోతుకు పోతున్నట్టు. కొన పైకి లేచాక చిమటా అందుకుంటుంది. చుట్టూ నొక్కి పిండకండి, పిండితే ముల్లు ముక్కలవుతుంది.

తీశాక మళ్ళీ సబ్బునీళ్ళతో కడిగి, మందు రాసి, పట్టీ వేయండి. సూదితో పది నిమిషాలు ప్రయత్నించినా రాకపోతే ఆపేయండి. ఆ తర్వాత చేసేది ముల్లు తీయడం కాదు, పుండు పెంచడమే.

“ముల్లును ముల్లుతోనే తీయాలి” అంటారు కదా?

సామెతగా చక్కగా ఉంది, కాలికి మాత్రం వద్దు. చెట్టు నుంచి విరిచిన ముల్లుకు మట్టి, బూజు అంటుకుని ఉంటాయి. పైగా దాని మొన పెళుసు, ఒక ముల్లు తీయబోతే రెండు ముక్కలు లోపల మిగలవచ్చు. పర్సులో ఒక సూది, చిన్న చిమటా పెట్టుకోవడం కష్టం కాదు. తునికాకు, ఇప్పపువ్వు ఏరడానికి అడవికి వెళ్ళే వాళ్ళు తప్పకుండా పెట్టుకోవాలి.

జిల్లేడు పాలు రాస్తే ముల్లు పైకి వస్తుందా? సున్నం–బెల్లం?

జిల్లేడు పాలు చర్మాన్ని మండించి పొక్కేలా చేస్తాయి. ఆ వాపుకు ముల్లు పైకి వచ్చినట్టు అనిపిస్తుంది. అదే చేత్తో కన్ను నులుముకుంటే అసలు ప్రమాదం. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. రెండూ వద్దు. చిన్న ముల్లు, నొప్పిలేనిది, పైచర్మంలోనే ఉన్నదైతే ఏమీ రాయకుండా వదిలేసినా చర్మం పెరుగుతూ నాలుగైదు రోజుల్లో దాన్ని బయటికి నెట్టేస్తుంది.

అన్ని ముళ్ళూ ఒకటేనా? ఏది ఎక్కువ బాధ పెడుతుంది?

ఒకటి కావు, ముల్లును చూసి తీసే తీరు మారాలి.

నల్లతుమ్మ (మరాఠీలో బాభూళ్) ముళ్ళు జంటలుగా, తెల్లగా, నిటారుగా ఉంటాయి. లేత చెట్లకు 5 సెంటీమీటర్లు దాటినవి కూడా ఉంటాయి. నున్నగా ఉంటాయి కాబట్టి విరగకపోతే లాగగానే వస్తాయి. సర్కారు తుమ్మ వేరు. మరాఠీవాళ్ళు దాన్ని వేడీ బాభూళ్ అంటారు, అంటే పిచ్చితుమ్మ. 1877లో మన దేశానికి తెచ్చిన ఈ చెట్టు ఇప్పుడు చెరువుగట్టునూ బీడునూ వదలలేదు. దీని ముల్లు దిగినచోట వాపు, సలుపు ఎక్కువ రోజులు ఉంటాయి. ముల్లు తీసేసినా రెండు మూడు రోజులు నొప్పి ఉండటం మామూలే. నొప్పి తగ్గకుండా రోజురోజుకూ పెరుగుతుంటే లోపల ముక్క మిగిలిందని అర్థం.

రేగు (బోర్) చెట్టును ఒకసారి దగ్గరగా చూడండి. ప్రతి ఆకు మొదట్లో రెండు ముళ్ళుంటాయి, ఒకటి సూటిగా, ఒకటి కిందికి వంగిన కొక్కెంలా. సూటిది గుచ్చుతుంది, కొక్కెం పట్టుకుంటుంది. చెయ్యి లోపలికి పెట్టేటప్పుడు ఏమీ తెలియదు, వెనక్కి తీసేటప్పుడే చీరుకుంటుంది. చొక్కా చెయ్యి చిక్కితే వెనక్కి లాగకండి. చేతిని కొమ్మ వైపు ఇంకొంచెం ముందుకు పెట్టి, కొక్కెం వదులయ్యాక రెండో చేత్తో ఆ రెమ్మను కాడ దగ్గర పట్టి తప్పించండి. సంక్రాంతికి మనం పిల్లలకు భోగిపళ్ళు పోసే రోజుల్లోనే ఇక్కడి మరాఠీ ఇళ్ళలో బోర్‌న్హాణ్ చేస్తారు. రెండిటికీ రేగుపళ్ళే కావాలి. కాబట్టి ఆ వారమంతా గీరుకుపోయిన చేతులు చాలా కనిపిస్తాయి. చెట్టు కింద పాత దుప్పటి పరిచి, పొడుగు కర్రతో కొమ్మ ఊపితే చేతులు పెట్టాల్సిన పనే లేదు.

పల్లేరు (సరాటా) కాయ పండాక ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్నవి. ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. అందుకే సైకిల్ ట్యూబులకు దీనంత శత్రువు లేదు. కాలికి దిగితే లోతుకు పోదు, చేత్తో తీసేయవచ్చు.

ఈతముల్లు (శిందీ) గురించి గట్టిగా చెప్పాలి. మొన గట్టిగా, సన్నగా ఉండి, వేలి కణుపులోకో మోకాలి కీలులోకో దిగుతుంది. ముల్లు తీసేశాం అనుకుంటాం. రెండు వారాలకు కీలు వాస్తుంది, మందులు వాడితే తగ్గుతుంది, మళ్ళీ వాస్తుంది. లోపల మిగిలిన చిన్న ముక్క చుట్టూ కీలు పొర వాచడమే దానికి కారణం. చెట్టు ముల్లు మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనపడదు, అల్ట్రాసౌండ్‌లో కనపడుతుంది. కీలు వాపు నెలల తరబడి వస్తూ పోతూ ఉంటే, అంతకుముందు ఎప్పుడో ఈతముల్లు గుచ్చుకున్న సంగతి డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారిపోతుంది.

నాగజెముడుకు పెద్ద ముళ్ళ మొదట్లో కంటికి ఆనని నూగు ముళ్ళ గుత్తులుంటాయి. పెద్ద ముల్లు చిమటాతో వస్తుంది, నూగు రాదు. చిమటాతో దొరికినన్ని తీశాక, కట్టెపనికి వాడే తెల్ల జిగురు పలచగా రాసి, పైన ఒక పొర గాజుగుడ్డ అద్ది, అరగంట బాగా ఆరాక ఒక అంచు నుంచి ఒలిచేయండి. నూగు జిగురుతో పాటు వచ్చేస్తుంది. ఒకసారికి చాలకపోతే రెండోసారి వేయండి. క్షణాల్లో అతికే జిగురు వాడకండి, అది చర్మాన్ని పట్టేస్తుంది. నోటితో పీల్చడం అసలు వద్దు, నూగు నాలుకకు దిగుతుంది.

దూలగొండికి (ఖాజ్‌కుయిలీ) ముల్లు లేదు, కాయ మీది నూగే ముల్లు. గోకితే ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు అద్ది, లాగి, కొత్త ముక్కతో మళ్ళీ అద్ది, నూగంతా పోయాక చల్లటి నీళ్ళు, సబ్బుతో కడగండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

ధనుర్వాతం సూది ప్రతిసారీ వేయించుకోవాలా?

ప్రతిసారీ అక్కర్లేదు. కానీ “తుప్పు మేకుకే ధనుర్వాతం, ముల్లుకు రాదు” అనుకోవడం తప్పు. ఆ సూక్ష్మజీవి ఉండేది మట్టిలో, పెరిగేది గాలి ఆడని సన్నని లోతు గాయంలో. ముల్లు చేసే గాయం సరిగ్గా అలాంటిదే. పిల్లలకు నెలల వయసులో మూడు టీకాలు, తర్వాత బూస్టర్లు, 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రెండిటికీ కలిపిన టీకా) వేస్తారు. ఇవన్నీ పడ్డాక, మట్టి అంటిన ముల్లు లోతుగా దిగితే, ఆఖరి సూదికి 5 ఏళ్ళు దాటి ఉంటే మళ్ళీ ఒకటి వేయించుకోవాలి. శుభ్రమైన చిన్న గాయానికైతే 10 ఏళ్ళ లెక్క. పెద్దవాళ్ళలో చాలామందికి 16 ఏళ్ళ తర్వాత సూది పడి ఉండదు. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవడమే మేలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేస్తారు.

ఎప్పుడు ఇంట్లో ప్రయత్నించకుండా దవఖానకు వెళ్ళాలి?

కంట్లో ముల్లు దిగితే. దాన్ని మీరు తీయకండి, కన్ను నులమకండి, ఆముదం, చనుబాలు, ఆకుపసరు ఏదీ వేయకండి. ఒక చిన్న కాగితం కప్పును కంటి మీద ఆనకుండా బోర్లించి, టేపు వేసి, బయల్దేరండి. కొమ్మో ముల్లో ఊరికే గీసుకుపోయినా సరే, తర్వాతి రోజుల్లో ఎరుపు, నీళ్ళు కారడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. పత్తిచేలో పనిచేసేవాళ్ళకు ఇలా బూజు చేరి కన్నే పోవచ్చు. మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఆ బూజుకు బలం ఇచ్చినట్టే. జెముడు పాలో జిల్లేడు పాలో కంట్లో పడితే వేరే పని: వెంటనే, అక్కడికక్కడే, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆ తర్వాత బయల్దేరండి.

కీలులో దిగితే, మొన లోతుగా విరిగితే, ఎర్రటి గీత పైకి పాకితే, జ్వరం వస్తే వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళు అరికాలి ముల్లును ఇంట్లో సూదితో కెలకకూడదు. కాలు మొద్దుబారి ఉంటే ముల్లు దిగినా తెలియదు కాబట్టి రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి, వంగలేనివాళ్ళు అద్దం నేల మీద పెట్టుకుని చూడవచ్చు.

ఇంకో రెండు, అందరూ తేలిగ్గా తీసుకునేవి. ముల్లు తీసిన కొన్ని వారాలకు అక్కడ చిన్న గడ్డ లేచి, దాని పైన చేతి పొడుగునా వరసగా ఇంకొన్ని గడ్డలు లేస్తే అది ముల్లుతో లోపలికి పోయిన ఒక రకం బూజు. మామూలు చీము మందులతో తగ్గదు, దానికి వేరే మందుంది. అలాగే, ఎప్పుడో ముల్లు దిగిన పాదం నొప్పి లేకుండా మెల్లగా ఉబ్బి, చిన్న రంధ్రాల నుంచి రవ్వలాంటి గింజలు కారుతుంటే అది మైసిటోమా. మధురై పేరు మీద దీన్ని మధుర పాదం అని కూడా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. నొప్పి లేదని ఏళ్ళ తరబడి వదిలేస్తే ఎముకదాకా పోతుంది.

కంపలో ఏదో గుచ్చుకుంది. ముల్లో పామో తెలియడం లేదు.

పామనే అనుకుని 108కి ఫోన్ చేయండి. కట్లపాము (మరాఠీలో మణ్యార్) కాటుకు నొప్పి, గాటు దాదాపు కనపడకపోవచ్చు. ముల్లు అని ఇంట్లో కూర్చోవద్దు. కట్టు బిగించవద్దు, కోయవద్దు, నడిపించవద్దు.

దవఖానలో మరాఠీలో ఎలా చెప్పాలి?

ఇక్కడ ఒక చిక్కుంది. మనం “కాల్ల ముల్లిరిగింది” అంటాం. మరాఠీలో “పాయాత్ కాటా మోడలా” అంటారు. రెండు భాషల్లోనూ మాటకు మాట చూస్తే ముల్లు విరిగిందనే, కానీ రెండు చోట్లా అర్థం ముల్లు గుచ్చుకుందని. కాబట్టి నిజంగానే సగం లోపల ఉండిపోతే ఆ సంగతి విడిగా చెప్పాలి: “అర్ధా కాటా ఆత్ రాహిలా ఆహే.” వాపు వస్తే “సూజ్ ఆలీ ఆహే.” చీము పడితే “పూ ఝాలా ఆహే.” షుగర్ ఉంటే “మలా శుగర్ ఆహే.” ధనుర్వాతానికి రెండు భాషల్లోనూ ఒకటే మాట, “ధనుర్వాత్ చే ఇంజెక్షన్” అంటే చాలు.

పిల్లవాడు కాలు ఇవ్వడు, ముట్టుకుంటేనే అరుస్తాడు. ఏం చేయాలి?

ఇక్కడే నోరు తిరగని మాటలు పనికొస్తాయి. అయితే ఏ మాట ఎప్పుడు అనిపించాలో తెలియాలి. పడిపడి నవ్వించేదాన్ని ముల్లు లాగేటప్పుడు అనిపిస్తే నవ్వుకు పొట్టతో పాటు కాలూ కదులుతుంది, చిమటా జారుతుంది. లాగేటప్పుడు కావలసింది బుర్రను పట్టి ఉంచేది, నెమ్మదిగా చెప్పాల్సినది. “లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా” సరిగ్గా అలాంటిది. పొడుగైనది, ప్రతి మాటా చూసుకుని పలకాలి, తొందరపడితే కుదరదు. నవ్వొచ్చే “ఎర్ర లారీ తెల్ల లారీ”ని ముల్లు వచ్చాక బహుమతిగా దాచండి.

వరస ఇదీ. కాలు ముట్టుకోకముందే రెండుసార్లు మీరు చెప్పి, వాడిచేత చెప్పించండి. తర్వాత కాలు ఒళ్ళోకి తీసుకుని కడగండి, మాట మాత్రం ఆపవద్దు. చిమటా పట్టు దొరికాక “ఇప్పుడు ఆపకుండా ఐదుసార్లు, నేను లెక్కపెడతా” అనండి. మూడోసారి మధ్యలో లాగేయండి. మొదటిసారి వాడి ధ్యాస ఇంకా కాలి మీదే ఉంటుంది, ఐదోసారికి అయిపోయిందని బిగుసుకుంటాడు. మూడోసారికి వాడు పూర్తిగా మాటలో ఉంటాడు. “నొప్పి ఉండదు” అని అబద్ధం మాత్రం చెప్పకండి. “చిటుక్కుమంటుంది, అయిపోతుంది” అంటే రెండోసారి కూడా నమ్మి కాలు ఇస్తాడు.

నోట్లో రేగుపండో గింజో ఉంటే ముందు ఉమ్మించండి. ఏడుస్తూ, మాట్లాడుతూ గింజ మింగితే గొంతుకు అడ్డం పడుతుంది.

అసలు నాలుక ఎందుకు మడతపడుతుంది?

ల పలకడానికి నాలుక మొన పైపళ్ళ వెనక ఆనుతుంది. ర పలకడానికి దాదాపు అక్కడే ఒక్కసారి తట్టి వదులుతుంది. ర్రకు అక్కడే గలగలా కొట్టుకుంటుంది. ళకు వెనక్కి ముడుచుకుని అంగిలిని తాకుతుంది. చోట్లు పక్కపక్కనే, కదలిక మాత్రం వేరు. వేగం పెరిగితే తర్వాత రావాల్సిన ధ్వని ముందుకు దూకుతుంది, “ఎర్ర లారీ” కాస్తా “ఎల్ల లాలీ” అవుతుంది. “కాకీక కాకికి కాక కుక్కకా”లో చిక్కు వేరు. అన్నీ ‘క’ అక్షరాలే, మారేది హ్రస్వదీర్ఘాలు, ఎక్కడ మాట తెగుతుందనేదీ. అర్థం తెలియనివాళ్ళు దీంట్లో ముందుగా ఓడిపోతారు. కాకి ఈక కాకికి కాక కుక్కకా వస్తుందా అని ఒకసారి విడమరిచి చెప్పండి, సగం తప్పులు పోతాయి.

ముల్లు అనే మాటలోనే ఈ ఆట ఉంది. ఒకటైతే ముల్లు, ల్ల. రెండైతే ముళ్ళు, ళ్ళ. ఇల్లు–ఇళ్ళు, విల్లు–విళ్ళు కూడా అంతే. కల్లు తాగేది, కళ్ళు చూసేవి. దీన్ని పట్టుకుని ఒకటి కట్టవచ్చు: “మల్లి ముల్లు తీసి మళ్ళీ ముళ్ళలోకే వెళ్ళి మళ్ళీ ముల్లు గుచ్చుకుంది.” మూడుసార్లు అనేసరికి మల్లి ఎక్కడో, మళ్ళీ ఎక్కడో తెలియదు.

మరాఠీ బడికి వెళ్ళే మా పిల్లలకు మరాఠీవి ఏవి నేర్పాలి?

“చటఈలా టాచణీ టోచలీ” అంటే చాపకు గుండుసూది గుచ్చుకుంది. చిన్నది, గుచ్చుకునే సంగతే, ముల్లు తీశాక ఇంతకంటే తగినది లేదు. ఇందులో చ పళ్ళ దగ్గర పలికే చ, మన చాపలో పలికేదే. పాత తెలుగు రాతలో దానికి ౘ అని విడి అక్షరం ఉంది. అందుకే తెలుగు ఇంటి పిల్లలకు ఇది సులువుగా వస్తుంది, ట–చ మార్పు దగ్గర మాత్రం తడబడతారు.

“కాళే రాళే గోరే రాళే, రాళ్యాత్ రాళే మిసళలే” ఇంకొకటి. రాళే అంటే కొర్రలు. నల్ల కొర్రలు, తెల్ల కొర్రలు, కొర్రల్లో కొర్రలు కలిసిపోయాయని అర్థం. మరాఠీలో ళ–ర చిక్కు, తెలుగులో “నల్ల కొర్రలు తెల్ల కొర్రలు” అన్నా ల్ల–ర్ర చిక్కు. అర్థం మోసుకొస్తే ఆట కూడా వెంట వచ్చింది, అరుదుగా జరిగే సంగతి ఇది.

మరాఠీ స్నేహితులకు మన భాషలో కష్టమైనది ఎ–ఏ, ఒ–ఓ తేడా. వాళ్ళ భాషలో ఆ హ్రస్వాలు విడిగా లేవు. “ఏడు ఎర్ర ఎడ్లు ఏటి ఎగువన ఏడ్చాయి” అని వాళ్ళకిచ్చి చూడండి. బదులుగా మన పిల్లలు ఝ, ఘ, భల దగ్గర ఒత్తు వదిలేస్తారు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంతకంటే సరిజోడు దొరకదు.

త్వరగా నేర్పే కిటుకు ఏమైనా ఉందా?

వెనక నుంచి కట్టండి. ముందు “లక్ష్యమా”, తర్వాత “భక్ష్యం లక్ష్యమా”, తర్వాత “ఒక భక్ష్యం లక్ష్యమా”. ఇలా ముందుకు పెంచుకుంటూ వస్తే, చెబుతూ పోయేకొద్దీ బాగా వచ్చిన భాగంలోకి వెళతారు. మొదటి నుంచి నేర్పితే ఎప్పుడూ చివర్లోనే పడిపోతారు. మూడుసార్లు నెమ్మదిగా, మూడుసార్లు చప్పట్ల తాళంతో, ఆ తర్వాతే వేగం.

పోటీ పెడితే నియమాలు ఏమిటి?

ఒకే ఊపిరిలో ఐదుసార్లు. ధ్వని మారితే అవుటు. అక్షరాలు మింగేస్తే అది కూడా అవుటు, వేగంగా చెప్పేవాళ్ళలో ఎక్కువమంది మింగేసి గెలవాలని చూస్తారు కాబట్టి వినేవాడు దగ్గర కూర్చోవాలి. కొత్తది కట్టి తెచ్చినవాళ్ళకు రెండు పాయింట్లు. కట్టడానికి దగ్గరి ధ్వనుల మాటలు నాలుగైదు ఏరి, వాటితో ఒక చిన్న సంగతి జరిగేలా చూడండి. “తుమ్మకొమ్మ కింద తుమ్మిన తమ్ముడికి తుమ్మముల్లు” లాంటివి. సంగతి లేకపోతే గుర్తుండదు.

మా బాబుకు నత్తి ఉంది. ఇవి అనిపిస్తే పోతుందా?

పోదు. నలుగురి ముందు బలవంతంగా అనిపిస్తే ఇంకా బిగుసుకుపోతాడు. నత్తికి మాట నేర్పే నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళండి. ర సరిగా రాని మూడు నాలుగేళ్ళ పిల్లల సంగతి వేరు, చాలామందికి కాస్త పెరిగాక దానంతటదే వస్తుంది. ఆటలో వాడికి చప్పట్లు లెక్కపెట్టే పని ఇవ్వండి, వాడంతట వాడు చెప్తానంటే చెప్పనివ్వండి.

తీసిన ముల్లును ఏం చేయాలి?

ముందు అరచేతిలో పెట్టి మొన చూడండి. సన్నగా కోసుగా ఉంటే మొత్తం వచ్చింది. చివర మొద్దుగా, పీచుగా ఉంటే లోపల మిగిలింది. అనుమానంగా ఉంటే పారేయకుండా కాగితంలో చుట్టి, పైన తేదీ, ఏ చెట్టుదో రాసి పెట్టండి. దవఖానకు వెళ్ళాల్సి వస్తే వెంట తీసుకెళ్ళవచ్చు. అనుమానం లేకపోతే పొయ్యిలో వేయండి. వాకిట్లోకి మాత్రం విసరకండి, రేపు పొద్దున వట్టికాళ్ళతో ముగ్గు వేసేవాళ్ళు అక్కడే కూర్చుంటారు.